చేబదులు ఊపిరి

విదియ. పోటు మామూలు. తూర్పు గాలి.

ఇవాళ మా తలుపుకు పచ్చ బిళ్ళ కొట్టారు. ఏళ్ళ తరబడి ఒక్కసారి కూడా ఎర్రబడని తలుపుకు మా ఇళ్ళ వరస పెద్దలు ఇచ్చే బిళ్ళ. దాని మీద నా భార్య సుభాషిణి పేరు చెక్కి ఉంది. ఆమె పోయి నెల దాటింది.

మేకు కొట్టింది ఎదురింటి గవర్రాజు. సముద్రపు కట్ట మీద మేస్త్రీ. అతని భార్య వకుళ, సుభాషిణి ప్రాణస్నేహితులు. వకుళ నన్ను అన్నయ్య అంటుంది, కాబట్టి అతనికి నేను బావగారిని. అప్పటికే బాగా పట్టించి ఉన్నాడు. మేకు రెండుసార్లు వంకరపోయింది.

"మా చెల్లెమ్మ బంగారం బావగారూ. ఈ వరస మొత్తానికి ఒక్క తలుపు, మీదే" అన్నాడు.

వెనక అతని తల్లి వెంకాయమ్మ గారు నిలబడి ఉంది. వరసకు పెద్ద ఆవిడే. "ఇంకో నాలుగిళ్ళకి ఈ బిళ్ళ పడితే మంచినీళ్ళ వంతు ముందు మనదే బాబూ. నీ పెళ్ళాం పుణ్యం" అంది.

గవర్రాజు సుత్తి పట్టుకుని తన తలుపు దగ్గరికి వెళ్ళాడు. పలక మీద వేలు ఆనించి, ఊపిరి వాసన చూసే తలుపు ముక్కులోకి ఊదాడు. "అలసట. లోపలికి రండి. విశ్రాంతి తీసుకోండి" అని తలుపు తెరుచుకుంది.

మగవాళ్ళ వేలికి ఎరుపు లేదు.

తృతీయ. పోటు కాస్త తగ్గింది.

మెట్ల దగ్గర కొలబద్ద మీద ఉప్పు పేరుకుంటే గీకి కడిగాను. అలల ఎత్తు రాయడం నా ఉద్యోగం. ఇంటికొచ్చి అన్నం వండుకున్నాను. మాడింది. తిన్నాను.

నీళ్ళ ఫిల్టరు వెనక అరలో రెండు డబ్బాలు దొరికాయి. నాచు సారా. పడవలు, పంపులు, దీపాలు అన్నీ దాని మీదే నడుస్తాయి. సుభాషిణి, వకుళ పని చేసింది దాని వడపోత గదిలో. అక్కడ ఘాటు కొలిచేది ఆడవాళ్ళ నాలుక. చుక్క వేసుకుని, మంట ఎంత దూరం పాకిందో చూసుకుని, ఉమ్మేయాలి.

మొదట్లో అందరూ ఉమ్మేస్తారు.

వకుళ పులుసు గిన్నెతో వచ్చింది. డబ్బాలు చూసి గిన్నె కింద పెట్టింది.

"ఇటివ్వండన్నయ్యా, నేను పారబోస్తాను."

"ఇక్కడే తూములో పోస్తాను."

"వాసన పైపులో ఉండిపోద్ది. ఇంత చదువుకున్నారు, ఆమాత్రం తెలీదా. నేను సముద్రంలో పోసేస్తాలెండి."

రెండూ కొంగు కింద పెట్టుకుంది. వెళ్తుంటే ఒక డబ్బా మూత గలగలమంది. ఆమె నడక వల్ల కాదు. చేతుల వల్ల.

పంచమి.

వెంకాయమ్మ గారికి దగ్గు పట్టుకుంది. దగ్గు కలిసిన ఊపిరిని తలుపు తీసుకోదు. నాకేం సంబంధం అనుకున్నాను.

పొద్దున వడపోత గది నుంచి వస్తూ వకుళ తన తలుపు ముందు ఆగింది. నా వైపు తిరిగింది.

"అన్నయ్యా, ఒక్క ఊపిరి ఇవ్వరా."

రెండో వరసలో ఒకామె మత్తులో పొయ్యి ఆపడం మరిచి, వరసంతా కాలిపోయాక తలుపులకు ఈ ముక్కులు పెట్టారు. వేలు మనిషిని గుర్తు పడుతుంది. ఊపిరి ఎవరిదో దానికి తెలియదు. ఆడవాళ్ళ వేలికి సారా వాసన తగిలితే వసారా దీపం ఎర్రబడుతుంది, ఆ పూటకు పొయ్యికి తాళం పడుతుంది, వరసకు నీళ్ళ వంతు వెనక్కి పోతుంది. అందుకని వరసల్లో ఊపిరి చేబదులు ఇచ్చుకుంటారు. వేలు ఆమెది, ఊపిరి పక్కింటామెది. పప్పు, ఉప్పు ఇచ్చుకున్నంత మామూలుగా.

"మీ అత్తగారు లేరా?" అన్నాను.

"దగ్గుతోంది కదా. సుభాషిణికి అన్నేళ్ళు నేను ఇవ్వలేదా? నన్నడిగిందా ఎప్పుడన్నా, నేనే ముందు ఊది, ఇంట్లోకెళ్ళాకే నోట్లో పోసుకునేదాన్ని. మీకు అడిగించుకోవాలా?"

ఆమె వేలు పలక మీద వణుకుతోంది. ఊదాను. పచ్చ.

"మీ ఊపిరి చల్లగా ఉందన్నయ్యా, సముద్రంలాగా" అని నవ్వి లోపలికి పోయింది. వాసన వసారాలో మిగిలింది. డబ్బాలు సముద్రంలో పోయలేదు.

షష్ఠి. గాలి లేదు.

సుభాషిణి గురించి ఇన్నాళ్ళూ రాయలేదు. రాయాలి.

మానేస్తానని తనే అంది. బియ్యం కడుగుతూ, "నన్ను ఆస్పత్రి దీవికి తీసుకెళ్ళండి. నా ఒక్కదాని వల్ల కావడం లేదు" అంది. పొద్దుటి పడవలో వెళ్ళాం. డాక్టరమ్మ సుభాషిణి వేలు తెర మీద ఆనించింది. మా తలుపు చరిత్ర వచ్చింది. పైనుంచి కింద దాకా పచ్చ.

"మీకు ఏ జబ్బూ లేదమ్మా."

"రోజూ తాగుతానండి. లేవగానే కావాలి. లేకపోతే చేతులు ఆగవు."

"తలుపు అలా అనడం లేదు."

"అందులో ఊదింది నేను కాదండి."

"మరెవరు?"

సుభాషిణి నా వైపు చూసింది. పేరు చెబితే, ఊపిరి అప్పిచ్చినందుకు వకుళ పొయ్యికి ఏడాది తాళం. చెప్పలేదు.

డాక్టరమ్మకు కోపం రాలేదు. "మా దగ్గర ఆడవాళ్ళకు ఉన్న మంచాలు కొన్నే తల్లీ. ఎరుపు చూసి ఇస్తాం. వరసగా మూడు ఎరుపులు పడితే మీ తలుపే మూసుకుని మమ్మల్ని పిలుస్తుంది. మధ్యలో ఒక్క పచ్చ పడిందా, మళ్ళీ మొదటికే. మీ తలుపు చూస్తే ముచ్చటేస్తోంది. ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోండి."

తిరుగు పడవలో సుభాషిణి అంది, "మూడు ఎరుపులు తెచ్చుకుని వరసలో ఎలా తిరుగుతాం. ఇంట్లోనే మానేస్తాను. నేను మొండిదాన్ని కదా."

మొండిదే. ఆ రోజు నుంచి చుక్క ముట్టలేదు. మొదట చెమటలు పట్టాయి. మర్నాడు గ్లాసు పట్టుకోలేకపోయింది. ఆ మర్నాడు గోడ మీద చీమలు పాకుతున్నాయంది. దులపమంది. గోడ మీద ఏమీ లేదు. అయినా దులిపాను. తర్వాత ఫిట్స్ వచ్చాయి. ఆగలేదు.

గుండె బలహీనత అని రాశారు. తలుపు పచ్చగా ఉంది కాబట్టి ఇంకేమీ రాయలేరు.

సప్తమి.

కట్ట మీద మగవాళ్ళ మందుల గదికి వెళ్ళాను. కాంపౌండరు దానయ్యకు అంతా చెప్పాను. విని తల గోక్కున్నాడు.

"ఒక్కసారిగా ఆపేశారా? అంత అలవాటున్న మనిషి అలా ఆపకూడదండి. వణుకొస్తది, లేనివి కనిపిస్తాయి, ఫిట్స్ వస్తే ప్రాణమే పోద్ది. మేమైతే మాత్రలిచ్చి, పక్కన మనిషిని పెట్టి, మెల్లగా దింపుతాం. పోయిన నెల కూడా ఇద్దరు కూలీలు మానేసి పనిలోకి వచ్చేశారు. జబ్బే కదండీ, నయమవుద్ది."

"ఆడవాళ్ళకు?"

"ఇది మగోళ్ళ పెట్టె కదండీ. వేలు ఆనిస్తేనే తెరుచుకుంటది. మింగేదాకా నేను ఎదురుగా ఉండాలి." పెట్టె తెరిచి చూపించాడు. నిండుగా ఉంది. "పెద్దగా ఎవరూ అడగరండి. కాలం తీరితే పారేస్తుంటాం" అన్నాడు.

అష్టమి. పోటూ ఆటూ రెండూ చిన్నవే.

వకుళ తలుపు ముందు ఎదురు చూస్తోంది.

"ఇవ్వను" అన్నాను.

వేళాకోళం అనుకుంది. "ఊపిరి మిగుల్చుకుని ఏం చేసుకుంటారన్నయ్యా, వడ్డీకిస్తారా?"

"నువ్వు ఊదు. మూడుసార్లు ఊదు. పడవ వస్తుంది."

మొహం మారిపోయింది. "నా ఊపిరి తిని బతికిన కొంప మీది. పచ్చ బిళ్ళ కొట్టించుకున్నారే, అది ఎవరి ఊపిరి? పీకి నాకివ్వండి."

"అందుకే ఇవ్వను."

"పెళ్ళాం పోయిన మనిషని పులుసు తెచ్చిచ్చాను చూడు, నన్ను నేను కొట్టుకోవాలి."

చాలాసేపు నిలబడింది. ఎవరూ రాలేదు. ఊదింది. వసారా పొడవునా దీపాలు ఎర్రబడ్డాయి. తలుపులు ఒక్కొక్కటీ తెరుచుకున్నాయి. అందరూ గుమ్మాల్లోకి వచ్చి చూశారు.

గవర్రాజు పని నుంచి రాగానే నా దగ్గరికి వచ్చాడు. సారా కంపు. "అదేంటి బావగారూ, ఆడమనిషి అడిగితే ఒక్క ఊపిరి ఇవ్వలేకపోయారా? నాకు కూడు లేకుండా చేశారు. పొయ్యి తాళం పడింది."

"నువ్వు ఇవ్వలేకపోయావా?"

"నా ఊపిరితో ఎర్రబడదా ఏంటి" అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి నా గుమ్మం మీద ఉమ్మాడు.

నవమి.

రెండో ఎరుపు. నీళ్ళు సాయంత్రం దాకా రాలేదు. వచ్చినవి ఉప్పగా ఉన్నాయి. నా బిందె ఎవరో వరుసలోంచి తీసి పక్కన బోర్లించారు. మళ్ళీ పెట్టాను. మళ్ళీ బోర్లించారు.

దశమి.

మూడోది ఇవాళ పడాలి. వకుళ వచ్చింది. పలక మీద వేలు ఆనించింది. నేను నా గుమ్మంలోనే నిలబడ్డాను.

వెంకాయమ్మ గారు లోపలినుంచి వచ్చింది. మిరియాల కషాయం తాగి, ఊపిరి బిగబట్టి, కోడలి భుజం మీదుగా వంగి నిదానంగా ఊదింది. పచ్చ. దీపాలన్నీ పచ్చబడ్డాయి. తర్వాత ముసలావిడ గోడ పట్టుకుని చాలాసేపు దగ్గింది. ఆడవాళ్ళు చుట్టూ చేరి వీపు రాశారు. ఒకామె కళ్ళు తుడుచుకుంది.

వకుళ నా వైపు చూసింది. గెలిచినట్టు లేదు.

ఏకాదశి.

వరస ఆడవాళ్ళందరూ కలిసి వకుళ ఇల్లు వెతికారు. డబ్బాలు, సీసాలు, దిండు గలీబులో దాచిన రబ్బరు సంచీ అన్నీ పట్టుకెళ్ళి సముద్రంలో పోశారు. ఇంట్లోనే ఉంచి మానిపిద్దామని తీర్మానం. వంతులవారీగా కాపలా.

వెళ్ళి చెప్పాను. ఒక్కసారిగా ఆపితే చచ్చిపోతుందని చెప్పాను. సుభాషిణి అలాగే పోయిందని చెప్పాను.

వెంకాయమ్మ గారు నా తలుపు వైపు చెయ్యి చూపించింది. పచ్చ బిళ్ళ.

"తాగని మనిషి మానడమేంటి బాబూ?"

సుభాషిణి సంగతి తెలిసిన వాళ్ళు అక్కడ నలుగురైదుగురు ఉన్నారు. అందరూ నేల చూశారు. వెంకాయమ్మ గారు మాత్రం నన్నే చూసింది. "పోయినామె పరువు ఉంచు. ఆవిడకి మిగిలింది అదొక్కటే" అంది. మెత్తగానే అంది.

గవర్రాజు నన్ను వసారాలోకి తోశాడు. తలుపు వేసుకున్నారు.

ద్వాదశి. పోటు పెరుగుతోంది.

వకుళ కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి ఉంది. జుట్టు తడిసి మొహానికి అంటుకుంది.

"అన్నయ్యా."

"ఊఁ."

"మా గోడకి చీమలు పట్టాయి. అత్తయ్య లేవంటోంది."

ఊచలు గలగలమంటున్నాయి.

ఇప్పుడు ఆమె ఊదితే పచ్చే వస్తుంది. ఒంట్లో చుక్క లేదు. తలుపు దృష్టిలో ఇంతకన్నా ఆరోగ్యవంతురాలు వరసలో లేదు. రేపటికి సుభాషిణి చోటికి చేరుతుంది, గుండె బలహీనత అని రాస్తారు, గవర్రాజు మేకు కొడతాడు.

మా ఇల్లంతా వెతికాను. పాత చీరల అడుగున ఒక డబ్బా దొరికింది. సుభాషిణి మానేసిన రోజు కూడా దీన్ని పారబోయలేదు. ఎందుకుంచుకుందో నాకు తెలుసు.

త్రయోదశి. పెద్ద పోటు. వేళ్ళు వాచి ఉన్నాయి. మెల్లగా రాస్తున్నాను.

పొద్దున ఆడవాళ్ళు నీళ్ళకు వెళ్ళారు. వెంకాయమ్మ గారు కూడా వెళ్ళింది. గవర్రాజు కట్ట మీద ఉన్నాడు. కాపలా ఉన్న పిన్నమ్మకు చెవుడు, కునికిపాట్లు పడుతోంది. లోపలినుంచి బయటికి రావడానికి తలుపు ఏమీ అడగదు. వకుళను పిలిచాను. గోడ పట్టుకుని వచ్చింది.

డబ్బా మూత తీశాను. వాసన చూసి వెనక్కి జరిగింది.

"విషమా?"

"కాదు."

"మీరు తాగండి ముందు."

తాగాను. జీవితంలో మొదటిసారి. గొంతు నుంచి కడుపు దాకా గీత గీసినట్టు మండింది. సుభాషిణి రోజూ దీంతో మొదలుపెట్టేది.

ఆమె రెండు చేతులతో పట్టుకుని తాగింది. గడ్డం మీద కారిందాన్ని వేలితో తుడిచి అది కూడా నాకింది. కాసేపటికి చేతుల వణుకు నెమ్మదించింది. నా వైపు సిగ్గుగా చూసింది. ఆ చూపు నాకు తెలుసు.

"ఇప్పుడు ఊదు. లోపలికి వెళ్ళు, బయటికి రా, మళ్ళీ ఊదు. ఎవరూ వచ్చేలోపు మూడుసార్లు."

ఒకటి. దీపాలు ఎర్రబడ్డాయి. లోపలికి వెళ్ళింది. వచ్చింది. రెండు. మళ్ళీ వచ్చేసరికి వసారా చివర బిందెల చప్పుడు. ఎర్ర దీపాలు చూసి పరిగెత్తుకొస్తున్నారు.

నేను వకుళ వెనక నిలబడి, తలుపు చట్రం రెండు వైపులా చేతులు బిగించాను. తలుపు ముక్కుకూ వాళ్ళకూ మధ్య నా వీపు ఉంది.

"జరుగు" అంది వెంకాయమ్మ గారు. "జరుగయ్యా, నేను ఊదుతాను."

జరగలేదు. బిందె అంచుతో నా వేళ్ళ మీద కొట్టింది. ఇంకెవరో చొక్కా పట్టి లాగారు. ఒకామె నా చంక కింద నుంచి తల దూర్చి ఊదబోయింది, మోచేత్తో నెట్టాను. ఆడమనిషిని నెట్టానని అరిచారు. వాళ్ళలో ఒక్కరు కూడా వకుళ చావు కోరేవాళ్ళు కాదు. ఒక్కొక్కరూ తమ ఊపిరి ఇవ్వడానికే కొట్టుకుంటున్నారు.

నా చేతుల మధ్య వకుళ కదలకుండా నిలబడింది. వేలు పలక మీద ఉంది.

"ఇది ఊదితే నేనిక ఈ వరసలో మనిషిని కాదన్నయ్యా."

"కావు."

"మీకు తెలిసే చెప్తున్నారా?"

"తెలిసే."

"సుభాషిణి అయితే ఊదేదా?"

"ఊదనిచ్చిన వాళ్ళు ఎవరు?"

ఊదింది.

తలుపు మూసుకుంది. పడవ వచ్చేదాకా మళ్ళీ తెరుచుకోలేదు. లోపల ఎక్కడో గంట మోగింది. ఆడవాళ్ళు నన్ను వదిలేశారు. వెంకాయమ్మ గారు తడి నేల మీద కూలబడింది. ఎవరో గవర్రాజుకు కబురు చేశారు. అతను వచ్చి ముందు తలుపు చూశాడు, తర్వాత భార్యను, తర్వాత నన్ను. నా మొహం మీద కొట్టాడు. ఒక పన్ను ఊడింది. రెండో దెబ్బకు చెయ్యి ఎత్తి, ఎందుకో దించేశాడు.

పోటు ఎక్కువగా ఉండి పడవ మెట్లకు అందలేదు. వకుళను తాడు వేసి దింపారు. చికిత్స పడవలో ఒక నర్సమ్మ ఉంది. వకుళ వేళ్ళు, కళ్ళు చూసి వెంటనే ఒక మాత్ర వేసింది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"తాగించింది ఎవరు?" అని అడిగింది.

"నేను" అన్నాను.

రాసుకుంది. ఆడమనిషైతే ఏడాది పొయ్యి తాళం. మగవాళ్ళకు మందలింపు. అక్కడికక్కడే మందలించింది. "ఇంకెప్పుడూ అలా చెయ్యకండి."

వకుళ నా వైపు చూడలేదు. పడవ కదిలాక మాత్రం అంది, నాతో కాదు, నీళ్ళతో అన్నట్టు. "నేను చచ్చినా నీ గడప తొక్కను."

సరే అన్నాను. వినపడి ఉండదు.

ఇంటికొచ్చి పలక మీద వేలు ఆనించి ఊదాను. నోట్లో రక్తం, సారా.

"అలసట" అంది తలుపు. "లోపలికి రండి. విశ్రాంతి తీసుకోండి."

అమావాస్య. పోటు కొలబద్ద దాటింది.

నా బిందె ఎవరూ బోర్లించడం లేదు. దాన్ని చూడటం లేదు. మాట్లాడేవాళ్ళు లేరు. పచ్చ బిళ్ళ పీకబోతే వెంకాయమ్మ గారు మనుషుల్ని పంపి ఆపించింది. వరస మొత్తానికి మిగిలింది అదొక్కటే.

పాడ్యమి.

పడవవాడు కబురు తెచ్చాడు. వకుళకు రెండు రోజులు ఫిట్స్ వచ్చాయట. మందులతో ఆగాయట. నిన్న కూర్చుని గంజి తాగిందట. ఇంకా చాలా రోజులు అక్కడే ఉండాలి.

"ఏమన్నా చెప్పిందా?" అన్నాను.

"దువ్వెన పంపమందండి. జుట్టు చిక్కు పడిందట."

"నాకేమన్నా?"

"మీ పేరెత్తితే మొహం తిప్పుకుందండి."

దువ్వెన గవర్రాజు ఇంట్లో ఉంది. అడిగాను. తలుపు సందులోంచి బయటికి విసిరాడు. పళ్ళలో వెంట్రుకలు ఉన్నాయి. అలాగే ఇచ్చి పంపాను.

విదియ. పోటు తగ్గుముఖం.

కొలబద్ద గీకుతుంటే ఎవరో వెనక నిలబడ్డారు. ముప్పై దాటని మనిషి. అయిదో వరసట. పేరు కస్తూరి. వడపోత గదిలో పని. రెండు చేతులూ చంకల్లో దాచుకుని ఉంది.

"వకుళక్క బతికిందటగా" అంది.

"బతికింది."

"నాకూ మూడు ఎరుపులు కావాలండి. తాగడానికి నా దగ్గరుంది. అదొక్కటీ ఉంది." నవ్వబోయి మానేసింది. "మా వరసలో అందరూ మంచోళ్ళండి. మా అమ్మ, మా వదిన, మా పక్కింటామె. నేను వేలు పెట్టేలోపే ఊదేస్తారు. అడ్డం నిలబడే మనిషి లేడు."

వెళ్ళిపోతుందేమో అనుకున్నాను. వెళ్ళలేదు.

"మీరొస్తారా?"

వాచిన వేళ్ళతో కొలబద్ద తుడిచాను. అంకె రాశాను. చెప్పులు వేసుకున్నాను.